పీహెచ్‌డీ రూల్స్: కారిడార్‌లో వినే అపోహలు, ఫైల్లో ఉండే వాస్తవాలు

నేను ఒక యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్‌లో పనిచేస్తాను. అడ్మిషన్ ఆర్డర్ నుంచి వైవా రిపోర్టు దాకా ప్రతి కాగితం మా టేబుల్ మీదుగానే పోతుంది. మా స్కాలర్లు సబ్జెక్టులో ఉద్దండులే, కానీ రూల్స్ మాత్రం సీనియర్ల నోటి నుంచి నేర్చుకుంటారు. ఆ సీనియర్లేమో 2016 రెగ్యులేషన్స్ కింద చేరినవాళ్లు. 2022 నవంబర్ 7న యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) కొత్తవి ఇచ్చింది. అంతకుముందు రిజిస్టర్ అయినవాళ్లకు పాతవే వర్తిస్తాయి, తర్వాత చేరినవాళ్లకు కొత్తవి. సగం గందరగోళం ఇక్కడే.

అపోహ: పీహెచ్‌డీ ముగించడానికి ఇచ్చే ఆరేళ్ల లెక్క కోర్స్‌వర్క్ (మొదట్లో చదివి పాసవ్వాల్సిన పేపర్లు) పాసయ్యాక మొదలవుతుంది.

కాదండీ, అడ్మిషన్ తేదీ నుంచే. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. మధ్యలో టాపిక్ మారినా, గైడ్ మారినా, ఏడాదంతా పరికరం రిపేర్‌లో ఉన్నా ఆ లెక్క ఆగదు. ఆరేళ్లు నిండితే రీ-రిజిస్ట్రేషన్ మీద ఇంకో 2 ఏళ్ల వరకు ఇవ్వొచ్చు, మొత్తం 8 దాటకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు మరో 2 ఏళ్ల సడలింపు, అంటే 10కి మించకుండా. ఇవ్వొచ్చు అన్నారే గానీ ఇచ్చి తీరాలనలేదు, కాబట్టి గడువు ఉండగానే దరఖాస్తు పెట్టాలి, కారణం రాయాలి, మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్ (సొంత నిబంధనలు) ప్రకారం ఆర్డర్ రావాలి. "గైడ్ గారు సరే అన్నారండీ" అని కౌంటర్ దగ్గరకొచ్చి చెప్పేవాళ్లు చాలామంది, పాపం ఆ మాటను ఏ ఫైల్లో పెట్టమంటారు?

ఇంకో చిక్కు ఫెలోషిప్‌ది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2 ఏళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ది) 3, మొత్తం ఐదు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ బతికే ఉంటుంది, నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోతుంది. ఆరో ఏడు ఎలా గడపాలో నాలుగో ఏడులోనే ఆలోచించుకోవాలి.

ప్రసూతి సెలవు పెడితే రిజిస్ట్రేషన్ పోతుందన్న భయం కూడా ఉత్తదే. పీహెచ్‌డీ మొత్తం కాలంలో ప్రసూతి లేదా చైల్డ్ కేర్ లీవ్ కింద 240 రోజుల వరకు ఇవ్వొచ్చని రూల్‌లోనే ఉంది.

అపోహ: ఆర్నెల్ల ప్రోగ్రెస్ రిపోర్టు ఒట్టి ఫార్మాలిటీ.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం ఇదే. ప్రతి సెమిస్టర్‌కీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలి. పని బాగోలేదనిపిస్తే కమిటీ కారణాలు రాసి, ఏం సరిదిద్దుకోవాలో చెబుతుంది. అప్పటికీ సరిదిద్దుకోకపోతే నిర్దిష్టమైన కారణాలతో రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయొచ్చు. కానీ చాలా ఫైళ్లలో కనిపించేదేమిటంటే, నాలుగు సెమిస్టర్ల రిపోర్టులు ఒకే పెన్నుతో, ఒకే రోజు రాసినట్టు, అన్నింట్లోనూ "ప్రోగ్రెస్ సంతృప్తికరం" అన్న ఒక్క ముక్క. రేపు గైడ్‌తో పడకపోయినా, ఎక్స్‌టెన్షన్ అడగాల్సి వచ్చినా మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే. అందులో ఏం చదివారో, ఏ డేటా సేకరించారో, ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో రాయండి. కెమికల్స్ రాలేదా? రాలేదని రాయండి, తేదీతో సహా.

అపోహ: జర్నల్‌లో పేపర్ వేయకపోతే థీసిస్ తీసుకోరు.

2016 రూల్స్‌లో ఒక పేపరు, రెండు కాన్ఫరెన్స్ ప్రజెంటేషన్లు తప్పనిసరి. 2022లో యూజీసీ ఆ షరతు ఎత్తేసింది. అయితే మీ యూనివర్సిటీ తన ఆర్డినెన్స్‌లో ఉంచుకుని ఉండొచ్చు, కాబట్టి మీ బ్యాచ్‌కి వర్తించేది తెచ్చుకుని చూడండి. అయినా పేపర్ రాస్తే నష్టమేం లేదు, డబ్బులు తీసుకుని వేసే జర్నల్స్ జోలికి మాత్రం పోకండి.

అపోహ: గైడ్ రిటైరైతే కథ మళ్లీ మొదటికి.

రాదు. 70 ఏళ్ల వయసు వరకు ఆయన కో-సూపర్‌వైజర్‌గా (సహ గైడ్‌గా) కొనసాగొచ్చు. రిటైర్మెంట్‌కి 3 ఏళ్లకన్నా తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ని తీసుకోకూడదు కూడా, చేరేముందే ఇది కనుక్కోండి.

ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ చేయొచ్చా అంటే చేయొచ్చు, ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో పీహెచ్‌డీ ఇస్తామని ఎవరైనా అంటే అది చెల్లదు.

అపోహ: కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో పోలిక 10 శాతం లోపు వస్తే ఇక టెన్షన్ లేదు.

కాపీ కొట్టడం మీద యూజీసీ ఇచ్చిన 2018 నిబంధనల్లో 10 శాతం లోపు చిన్నపాటి పోలికలకు శిక్ష లేదు, నిజమే. 10 నుంచి 40 దాకా అయితే ఆర్నెల్లలోపు సవరించి ఇవ్వాలి, 40 దాటితే ఏడాది దాకా సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ చూసేది మాటల పోలికే. ఇంకొకరి ఆలోచనను సొంత మాటల్లో తిప్పి రాసి పేరు చెప్పకపోతే శాతం సున్నా వచ్చినా అది దొంగతనమే, ఎగ్జామినర్ చదివి పట్టుకోగలరు.

థీసిస్ ఇచ్చేశాక కూడా పని మిగిలే ఉంటుంది. గైడ్ కాక బయటివాళ్లు కనీసం ఇద్దరు చూడాలి. బయటి ఎగ్జామినర్లలో ఒకరు వద్దంటే ఇంకో ఎగ్జామినర్‌కి పంపుతారు, ఆయన కూడా వద్దంటే తిరస్కరించినట్టే. సబ్మిషన్ నుంచి వైవా ఫలితం దాకా ఆర్నెల్లలో ముగించాలని రూల్. రిపోర్టులు రాలేదంటే రాతపూర్వకంగా అడగండి, ఆ హక్కు మీకుంది. డిగ్రీ ప్రకటించేలోపు థీసిస్ సాఫ్ట్ కాపీ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి (థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే యూజీసీ కేంద్రం) చేరాలి, కాబట్టి ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం మా కౌంటర్‌కి వచ్చేముందు ఆ కాపీ ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.