నడినెత్తిన స్వాతి

మే నెల మధ్యలో రాత్రి పదకొండు గంటల వేళ తెలంగాణలో ఎక్కడ డాబా ఎక్కి చూసినా నడినెత్తిన నారింజ రంగు చుక్క ఒకటి వెలుగుతుంటుంది. అదే స్వాతి. ఖగోళ పట్టికల్లో దాని పేరు ఆర్క్‌ట్యూరస్. భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతే ఖగోళ మధ్యరేఖ. దానికి ఉత్తరాన ఉన్న సగం ఆకాశంలో స్వాతిని మించి వెలిగే నక్షత్రం లేదు. నగరాల వీధి దీపాలు కూడా దాన్ని మరుగుపరచలేవు.

మన ప్రాంతానికి అది నెత్తి మీదికే రావడానికి కారణం ఉంది. ఖగోళ మధ్యరేఖ నుంచి నక్షత్రం ఎంత ఎడంగా ఉందో చెప్పే కొలతను క్రాంతి అంటారు. స్వాతి క్రాంతి ఇప్పుడు ఉత్తరానికి 19 డిగ్రీల 3 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). అంతే అక్షాంశం ఉన్న ఊళ్లకు అది సరిగ్గా నెత్తి మీదుగా దాటిపోతుంది. పడమటి కొసన నిర్మల్, తూర్పు కొసన ఇచ్ఛాపురం రెండూ దాదాపు ఆ గీత మీదే ఉన్నాయి. హైదరాబాదు నుంచి చూస్తే నడినెత్తికి ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు ఉత్తరంగా, తిరుపతిలో సుమారు ఐదున్నర డిగ్రీలు ఉత్తరంగా కనిపిస్తుంది. రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది కాబట్టి జూన్ మధ్యకల్లా రాత్రి తొమ్మిదికే నెత్తిన ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇవే దృశ్యాలు హైదరాబాదు కంటే ఇరవై నిమిషాలు ముందు. జూన్‌లో మబ్బులు కమ్ముతాయి కనుక మే నెలే మంచి అదను.

నిలబడి మెడ విరుచుకుని చూస్తే ఏ దిక్కు ఏదో తేలదు. చాప పరుచుకుని, తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి పెట్టుకుని పడుకోండి. ఎదురుగా సప్తర్షి మండలం ఉంటుంది. అందులో తోకగా కనిపించే మూడు చుక్కలు అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. ఆ మూడింటి వంపును అదే ఒరవడిలో మరీచి దాటి పొడిగించండి. చేయి పూర్తిగా చాచి పట్టిన జాన ఆకాశంలో దాదాపు ఇరవై డిగ్రీలు. మరీచి నుంచి జానన్నర దూరంలో స్వాతి దొరుకుతుంది. అదే వంపులో మరో జానన్నర పైన సాగితే తెల్లగా, కాస్త నీలంగా చిత్త నక్షత్రం. ఈ రెండింటినీ వెంటవెంటనే చూడండి. స్వాతి రంగు అప్పుడే బాగా తెలిసొస్తుంది.

చాలామంది స్వాతిని చూసి అంగారకుడనుకుంటారు. గ్రహాలు సూర్యుడు నడిచే బాటను అంటిపెట్టుకునే తిరుగుతాయి. స్వాతి ఆ బాటకు 31 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఏ గ్రహమూ ఆ దాపుకు రాలేదు. జ్యేష్ఠ నక్షత్రంతో పొరపడేవాళ్లూ ఉన్నారు. అది దక్షిణాన కిందుగా, ఇంకా ఎర్రగా ఉంటుంది.

రంగును సరిగ్గా చూడాలంటే చుక్క నెత్తికి చేరేదాకా ఆగాలి. తూర్పున అప్పుడే పొడిచిన స్వాతి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుపులు మెరిపిస్తుంది. ఆ మెరుపులు నక్షత్రానివి కావు, దాని వెలుగును మందమైన గాలి పొరలు చెదరగొట్టడం వల్ల పుట్టినవి. బైనాక్యులర్ ఉంటే ఫోకస్‌ను కావాలనే కొంచెం చెడగొట్టండి. సూదిమొన లాంటి చుక్క చిన్న బిళ్లగా పరుచుకుంటుంది, నారింజ రంగు స్పష్టంగా తేలుతుంది. ఫోన్ కెమెరాకూ ఇదే కిటుకు. స్వాతి ఫొటోలు తెల్లచుక్కలుగా రావడానికి అసలు కారణం ఎక్స్‌పోజర్ ఎక్కువ కావడం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ గరిష్ఠానికి చేరితే మిగిలేది తెలుపే. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 400 నుంచి 800, షటర్ 2 నుంచి 4 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ పగటి వెలుతురుకు పెట్టి, ఫోకస్‌ను అనంతం నుంచి కాస్త ఇవతలికి జరపండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే వీధి దీపాల పసుపును సరిదిద్దబోయి చుక్క రంగును కూడా మార్చేస్తుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించాలి.

ఆ రంగు ఉష్ణోగ్రతను చెబుతుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,770 కెల్విన్లు, స్వాతిది 4,290 దరిదాపు. అంటే చల్లనిదే. అయినా వెలుగులో సూర్యుణ్ని ఎన్నో రెట్లు మించిపోతుంది. దీనికి లెక్క మీరే వేసుకోవచ్చు. స్వాతి వ్యాసార్ధం సూర్యుడి కంటే 25 రెట్లు ఎక్కువ, కాబట్టి ఉపరితలం 625 రెట్లు. ఉష్ణోగ్రత సూర్యుడిలో 0.74 వంతు. ఒక్కో చదరపు మీటరు వెదజల్లే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది, అది 0.3 వంతు. రెండింటినీ గుణిస్తే 190 చిల్లర. పరిశోధకులు ఇచ్చే విలువలు 170 నుంచి 200 రెట్ల మధ్యే ఉంటాయి. ఇందులో చాలా భాగం కంటికి కనబడని పరారుణ కాంతి.

అంత పెద్దదైనా దాని ద్రవ్యరాశి సూర్యుడి కంటే పదో వంతు కూడా ఎక్కువ కాదు. అంతే పదార్థం పదహారు వేల రెట్ల ఘనపరిమాణంలో పరుచుకుంది. సగటు సాంద్రత లెక్క కడితే మనం పీల్చే గాలి కన్నా పది రెట్లకు పైగా పలుచన! ఉబ్బడానికి కారణం గర్భంలో ఉంది. నడుమ హైడ్రోజన్ అడుగంటి, మిగిలిన హీలియం ముద్ద తన బరువుకే కుంచించుకుపోతూ వేడెక్కింది. దాని చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ మునుపటి కంటే జోరుగా హీలియంగా మారుతోంది. ఆ శక్తి పై పొరలను బయటికి నెట్టింది. ఉబ్బిన కొద్దీ ఉపరితలం చల్లబడి నారింజకు తిరిగింది. ఇది సూర్యుడికీ రాసిపెట్టి ఉన్న దశే, కాకపోతే మరో ఐదు వందల కోట్ల ఏళ్లు పడుతుంది. స్వాతి వయసు దాదాపు ఏడు వందల కోట్ల ఏళ్లు. ఎప్పుడో ఒకనాడు పేలబోయే ఆర్ద్ర నక్షత్రంలాగా ఇదీ పేలిపోతుందా అని అడుగుతుంటారు. పేలదు, అంత ద్రవ్యరాశి లేదు. చివరికి పై పొరలు వదిలేసి తెల్ల మరుగుజ్జుగా, అంటే మెల్లగా చల్లారే చిన్న, చిక్కని గర్భంగా మిగులుతుంది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది దాని నడక. సూర్యుడూ ఇరుగుపొరుగు నక్షత్రాలూ పాలపుంత చుట్టూ ఇంచుమించు ఒకే దిశలో కలిసి సాగుతుంటే, స్వాతి సూర్యుడితో పోలిస్తే సెకనుకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో అడ్డంగా దూసుకుపోతోంది. దానిలో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో మూడో వంతే. పాలపుంతలో బరువైన మూలకాలు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు పుట్టిన పాత తరానిదని ఆ లెక్క చెబుతుంది. 1718లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ ప్రాచీన గ్రీకుల కొలతలతో పోల్చి, స్వాతితో పాటు మరికొన్ని నక్షత్రాలు చోటు మారాయని చూపాడు. నక్షత్రాలు స్థిరమన్న నమ్మకం అక్కడితో సడలింది. స్వాతి ఏటా 2.28 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) నైరుతికి జరుగుతుంది. పాలంపేటలో 1213లో రామప్ప గుడి శాసనం వేయించిన నాటి నుంచి ఇప్పటికి అది జరిగింది దాదాపు చంద్రబింబం వెడల్పు అంత. భూమి అక్షం చలనాన్ని కూడా కలిపితే, స్వాతి నెత్తి మీదుగా దాటే గీత ఏటా అర కిలోమీటరుకు పైగా దక్షిణానికి దిగుతోంది. ఇంకో మూడు వందల ఏళ్లు గడిస్తే అది హైదరాబాదు మీదికి వస్తుంది.

దూరం సుమారు 37 కాంతి సంవత్సరాలు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన దీపాలను ఈ నక్షత్రపు వెలుగుతోనే వెలిగించారు. టెలిస్కోపులకు ఫొటో సెల్ అమర్చి, పుట్టిన విద్యుత్తును పెంచి తీగల ద్వారా పంపి దీపాల స్విచ్ వేయించారు. అప్పట్లో దూరం 40 కాంతి సంవత్సరాలనుకున్నారు కాబట్టి, ఆ వెలుగు అదే నగరంలో 1893లో జరిగిన ప్రదర్శన నాటిదని వాళ్ల లెక్క.

సెప్టెంబరు మధ్యలో చీకటి పడగానే పడమట చూడండి, తొమ్మిదిన్నర లోపే అస్తమిస్తుంది. అక్టోబరు ఆఖరులో వచ్చే స్వాతి కార్తెలో మాత్రం స్వాతి కోసం వెతకడం దండగ, సంజ వెలుతురులో కలిసిపోతుంది. డిసెంబరు మొదలయ్యాక తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే తూర్పున, కాస్త ఉత్తరం వైపు ఒరిగి మళ్లీ కనిపిస్తుంది.