ఎక్స్‌పీడియెన్సీ అంటే తొందర కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో బ్యాంకు, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు ఇంగ్లీషు చెప్తాను. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద ‘ఎక్స్‌పీడియెంట్’ అని రాసి అర్థం అడుగుతాను. సగం క్లాసు ఒక్కసారిగా ‘ఫాస్ట్ సార్’ అంటుంది.

అపోహ: ఎక్స్‌పీడియెంట్ అంటే వేగంగా, త్వరగా.

వాస్తవం: కాదు. వేగం చెప్పేవి ఎక్స్‌పెడైట్, ఎక్స్‌పెడీషియస్. ఎక్స్‌పీడియెంట్ అంటే ఇప్పటికి పని జరిగే, లాభించే మార్గం. అది న్యాయమా కాదా అన్న సంగతి ఆ మాట చెప్పదు. ఆ లెక్క చూసుకుని నడవడమే ఎక్స్‌పీడియెన్సీ. మనం ‘పబ్బం గడుపుకోవడం’ అంటామే, రాజకీయ వార్తల్లో దీనికి దాదాపు అదే అర్థం.

ఈ తికమకకు కారణం ఉంది. రెండు మాటలూ ఒకే లాటిన్ ధాతువు నుంచి వచ్చాయి. కాళ్లకున్న బంధం విడిపించడం అని దాని అర్థం. షేక్‌స్పియర్ కాలంలో ఎక్స్‌పీడియెంట్‌కు ‘త్వరిత’ అన్న అర్థమూ ఉండేది, ఇప్పుడు వాడుకలో లేదు. వాట్సాప్‌లో తిరిగే పర్యాయపదాల పీడీఎఫ్‌లు మాత్రం ‘స్పీడీ’ అనే ఇస్తున్నాయి. ఎవరు తయారు చేశారో తెలియని ఆ జాబితాలను దయచేసి బట్టీ పట్టకండి. మంచి డిక్షనరీ తెరవడానికి నిమిషం చాలు.

పరీక్షలో పోయేది ఆ ప్రశ్న మార్కులు, దానికి తోడు నెగెటివ్ మార్కు. అర్జీల్లో నష్టం ఇంకా ఎక్కువ. గాజువాక నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి బకాయిల కోసం రాసిన అర్జీ చూపించారు. అందులో ‘ఎక్స్‌పీడియెంట్ యాక్షన్ తీసుకోండి’ అని ఉంది. “గట్టి మాట పడితే ఫైలు కదులుతుందని మా అబ్బాయి రాశాడు మాస్టారూ” అన్నారు. చదివే అధికారికి అది ‘మీకేది అనుకూలమో అది చెయ్యండి’ అన్నట్టుగా ఉంటుంది. అప్పటికే తిరిగి తిరిగి అలసిపోయిన మనిషి, చెప్పడానికి నాకే మనసొప్పలేదు. అక్కడే కూర్చుని ‘ప్లీజ్ ఎక్స్‌పెడైట్ ద పేమెంట్’ అని మార్చి, కింద పాత అర్జీల తేదీలన్నీ వరసగా వేశాం. మీరూ అలాగే రాయండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు పెద్ద మాట వెతుక్కోవద్దు.

అపోహ: ఎక్స్‌పీడియెంట్ అన్నది ఎప్పుడూ తిట్టే.

వాస్తవం: చట్టాల్లో కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి పీఠికలోనే ‘ఎక్స్‌పీడియెంట్’ ఉంది. రాజ్యాంగం 312వ అధికరణలో కొత్త అఖిల భారత సర్వీసు ఏర్పాటు జాతీయ ప్రయోజనం దృష్ట్యా ‘నెసెసరీ ఆర్ ఎక్స్‌పీడియెంట్’ అని రాజ్యసభ తీర్మానించాలని ఉంటుంది. అక్కడ దాని అర్థం ఉచితం, ప్రయోజనకరం అని. కోర్టు కాగితంలో ఈ మాట కనిపించగానే ఏదో ముంచుకొస్తోందని కంగారు పడకండి, తొందర అన్న భావం అందులో లేదు.

అపోహ: పర్యాయపదాల్లో ఏది వేసినా ఒకటే.

వాస్తవం: హుద్‌హుద్ తుపాను తర్వాత 2014లో కప్పులు ఎగిరిపోయిన ఇళ్ల మీద మనవాళ్లు టార్పాలిన్లు కప్పుకున్నారు. అది టెంపరరీ ఎక్స్‌పీడియెంట్, అంటే అప్పటికి గట్టెక్కే ఉపాయం. స్టాప్‌గ్యాప్ అన్నా, మేక్‌షిఫ్ట్ అన్నా సరిపోతుంది. దాన్ని ఆపర్చునిజం, అంటే అవకాశవాదం అనగలమా? ఎన్నికల ముందు పార్టీ మారిన నాయకుడి విషయంలో మాత్రం అదే సరైన మాట. ప్రాగ్మాటిజంలో, అంటే ఆచరణలో పనికొచ్చేది చూసుకోవడంలో, మెప్పు ఉంటుంది. ప్రూడెన్స్ (ముందుచూపు) రేపటిని చూస్తుంది, ఎక్స్‌పీడియెన్సీ ఇవాళ్టిని చూస్తుంది. కన్వీనియెన్స్ కేవలం సౌకర్యం. చట్టంలోని అర్థానికి దగ్గరగా ఉండేది అడ్వైజబిలిటీ, అంటే అలా చెయ్యడం మంచిదనిపించడం. అందుకే ఆప్షన్లు చూసే ముందు వాక్యం మెచ్చుకుంటోందా, తప్పుపడుతోందా చూడండి.

ఇక ఎక్స్‌పీడియెన్స్, ఎక్స్‌పీడియెన్సీ వేరు వేరని కొందరు వాదిస్తుంటారు. అర్థం ఒకటే, రెండూ ఒప్పే. ఒక వ్యాసంలో ఏదో ఒకటే వాడండి.