36 టన్నుల ట్యాంకు మన సందులోకి ఎట్లా వచ్చిందంటే

పటమట, విజయవాడ

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. సంక్రాంతికి మీరొచ్చినప్పుడు షెడ్డులో చక్రాలు లేకుండా పడున్న, నేను చేస్తున్న యుద్ధ ట్యాంకు ఇనప బొమ్మ ఇప్పుడు నడుస్తోంది. అది చూసిన దగ్గర్నుంచీ సందులో పిల్లలు స్కూలు బస్సు దిగి సరాసరి మనింటికే వస్తున్నారు. అమ్మమ్మ వాళ్లకి జంతికలు పెట్టలేక చస్తోంది.

వీడియో చూసి బుజ్జి ఫోన్లో ఒక ప్రశ్న వేసింది గుర్తుందా? "తాతయ్యా, అసలు ట్యాంకు 36 టన్నులన్నావు, నీది అందులో ఆరో వంతన్నావు. అంటే 6 టన్నులుండాలి కదా, మరి నలుగురే ఎట్లా ఎత్తి ట్రాలీ ఆటోలో పెట్టారు?" ఆ పూట ఏదో గొణిగి తప్పించుకున్నాను. ఆ లెక్క ఫోన్లో తెమిలేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

అమ్మమ్మ మైసూర్‌పాక్ దిమ్మ ఒకటి పోసిందనుకో. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 6 అంగుళాలు. (అంత దిమ్మ ఎప్పుడూ పొయ్యలేదు, పోస్తే మీ అమ్మ ఊరుకోదు.) దాన్ని అంగుళం అంగుళం ముక్కలు కోస్తే ఎన్నొస్తాయి? ఒక వరసకి 6, ఒక పొరకి 36, ఆరు పొరలకీ కలిపి 216. ఒక్క ముక్క పొడవు చూస్తే దిమ్మలో ఆరో వంతే, బరువు చూస్తే 216వ వంతు. ట్యాంకూ అంతే. 36,000 కిలోల్ని 216తో భాగిస్తే సుమారు 167 కిలోలు. మనది పాత ఇనుము కొట్టు కాటా మీద పెడితే 128 తూగింది. మిగతా 39 కిలోలు ఏమయ్యాయంటే, అసలు ట్యాంకు ముందు భాగంలో రేకు మందం 100 మిల్లీమీటర్లు. ఆరో వంతంటే దాదాపు 17 మిల్లీమీటర్లు రావాలి. నేను 3 మిల్లీమీటర్ల షీటుతో సరిపెట్టాను. మనమీద గుళ్లు పేల్చేవాళ్లెవరూ లేరు కదా.

నేను చేసింది టి-55. సోవియట్ వాళ్లు 1958లో మొదలెట్టిన ట్యాంకు. దాని అన్న టి-54తో కలిపి లెక్కేస్తే ప్రపంచంలో ఇన్ని తయారైన ట్యాంకు ఇంకోటి లేదు. మన సైన్యమూ వాడింది, 1971 యుద్ధంలో కూడా. కానీ నేను దీన్ని ఎంచుకున్నది ఆ గొప్ప చూసి కాదు. ఒక్కో పక్క అయిదే చక్రాలు, అన్నీ పెద్దవి, పైన చెయిన్ని మోసే చిన్న రోలర్లు లేవు. అమెరికా వాళ్ల షెర్మన్ చేద్దామని ముందు బొమ్మలు గీశాను. దాని కింద బుల్లి చక్రాలూ స్ప్రింగులూ లెక్కపెట్టేసరికి కాగితం మడిచి పక్కన పడేశాను. 38 ఏళ్లు ఆటోనగర్లో లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే మిషను) మీద బతికినవాణ్ణి, ఎక్కడ పని తగ్గుతుందో అక్కడికే చూపు పోతుంది.

చక్రాలు అల్యూమినియం పోత. అసలు చక్రం 810 మిల్లీమీటర్లు, మనది 135. వాటికి ఎడ్లబండి చక్రానికున్నట్టే ఆకులుంటాయి, కాకపోతే అయిదే. పోత పోసేవాడికి చెక్కతో నమూనా చేసివ్వాలి. అది కచ్చితంగా 135 ఉంటే చక్రం చిన్నదైపోతుంది. అల్యూమినియం చల్లారేటప్పుడు నూటికి ఒకటీ పావు వంతు దాకా ముడుచుకుంటుంది. అందుకని నమూనా పెద్దది చేసి, లేత్ మీద చెక్కుకోవడానికి కూడా కొంత వదిలాను. అంచున రబ్బరు మాత్రం లారీ టైర్లు రీట్రేడింగ్ చేసే కుర్రాడు అంటించి పెట్టాడు. డబ్బులివ్వబోతే, "ముందు నడిపి చూపించు బాబాయ్" అన్నాడు.

అసలు కష్టం చెయిన్‌తో. పొక్లెయిన్ కింద ఉంటుందే, అట్లాంటిది. ఒక్కో పక్క 90 లింకులు, రెండు పక్కలా 180. లింకుల్ని కలిపే ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకి దూరం అసలు ట్యాంకులో 137 మిల్లీమీటర్లు, మనకి 22.8. మొదటి పక్క చెయిన్‌కి సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి డ్రిల్లింగ్ మెషీన్ మీద ఒక్కో కన్నం విడివిడిగా వేశాను. నా చెయ్యి మీద నాకంత నమ్మకం. 90 లింకులూ కూర్చి నేల మీద పరిచి టేపు పెట్టి చూస్తే 11 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. అంటే ఒక్కో లింకుకి మిల్లీమీటరులో పదో వంతు కంటే కాస్త ఎక్కువ తేడా, అంతే. ఏ లింకుని విడిగా చేతిలోకి తీసుకున్నా ఏ తప్పూ కనపడదు. ఇంజను భాగాలు చేసిన చెయ్యి ఇది, అయినా మోసపోయింది. 90 మంది తలా ఒక రూపాయి ఎక్కువ రాస్తే ఖాతాలో 90 రూపాయలు తేలినట్టు తేలింది తేడా.

పొడవు ఎక్కువైతే బిగించుకోవచ్చు కదా అని చిన్నుకి అనిపిస్తుంది. బిగించుకోవచ్చు. ముందు చక్రాన్ని జరిపి చెయిన్ బిగించే ఏర్పాటు అసలు ట్యాంకులోనూ ఉంది, మనదాంట్లోనూ ఉంది. సమస్య వెనకాల పళ్ల చక్రం దగ్గర. చెయిన్ని లాగేది అదే. దాని పళ్లు 22.8కి కోసినవి, లింకు 22.9 ఉంటే మొదటి పన్ను సరిగ్గా కూర్చుంటుంది, రెండోది ఒరుసుకుంటుంది, మూడోది లింకు మీదికి ఎక్కుతుంది. రెండు గజాలు నడిచి "టక్, టక్, టక్" మని మూడు దెబ్బలు వినపడ్డాయి, చెయిన్ ఊడి వాకిట్లో పడింది. ముగ్గు చెరిగిందని అమ్మమ్మ గొడవ అదనం.

ఆ 90 లింకులూ పాత ఇనుములో వేసి జిగ్ చేశాను. జిగ్ అంటే ఒక ఉక్కు దిమ్మ. అందులో 22.8 దూరంలో గట్టిపరిచిన బుష్షులు, అంటే చిన్న ఉక్కు గొట్టాలు, రెండు. లింకుని కింద బిగించి బుష్షులోంచి డ్రిల్ బిట్ దింపితే కన్నం ఎక్కడ పడాలో దిమ్మే చెబుతుంది, నా కంటితో పనిలేదు. రెండోసారి 90 లింకులకీ కలిపి తేడా ఒక మిల్లీమీటరు లోపే వచ్చింది.

పిన్నులు బయటికి జారిపోకుండా ఏం చెయ్యాలన్నది ఇంకో చిక్కు. 180 పిన్నులకీ సర్‌క్లిప్పులు (పిన్ను చివర పట్టుకునే బుల్లి రింగులు) పెట్టాలంటే నా కళ్లు పోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రష్యా వాళ్ల టి-34లో దీనికి ఒక తమాషా ఉపాయం ఉంది. పిన్నులకి లోపలివైపు మాత్రమే తల ఉంటుంది. నడుస్తుంటే పిన్ను మెల్లగా లోపలికి జారుకుంటూ వస్తుంది. ట్యాంకు ఒంటికి ఏటవాలుగా అతికించిన చిన్న పలక ఒకటుంటుంది, చెయిన్ తిరుగుతూ అక్కడికొచ్చేసరికి ఆ పలక పిన్ను తలని తట్టి మళ్లీ బయటికి నెడుతుంది. ప్రతి చుట్టుకీ ఒకసారి. అది తెలిసిన రోజు నాకు నవ్వాగలేదు. మనదానికీ అదే పెట్టాను. నడిచేటప్పుడు చెవి పెట్టి వింటే "టిక్" మంటుంది.

ఇక చక్రాలు. చిన్నూ, నువ్వు చూసి "వంకరగా బిగించావు తాతయ్యా, ఎడమ చక్రాలకీ కుడి చక్రాలకీ తేడా ఉంది" అన్నావు. నీ కన్ను మంచిదేరా, నేను బిగించిందీ సరైందే. ప్రతి చక్రానికీ ఒక చెయ్యి ఉంటుంది, ఆ చేతికి ఒక ఉక్కు కడ్డీ. ఆ కడ్డీ ట్యాంకు అడుగున అడ్డంగా అవతలి గోడ దాకా పోయి అక్కడ బిగుసుకుని ఉంటుంది. చక్రం రాయి ఎక్కితే చెయ్యి పైకి లేస్తుంది, కడ్డీ మెలి తిరుగుతుంది, తడిబట్ట పిండినట్టు. రాయి దాటాక మెలి విడిపోతూ చక్రాన్ని కిందికి తెస్తుంది. లారీకి కమాన్ కట్ట చేసే పనే ఇది. ఎడమ కడ్డీ, కుడి కడ్డీ ఒకేచోట పట్టవు కాబట్టి పక్కపక్కన వేస్తారు. అందుకే రెండు పక్కల చక్రాలూ సరిగ్గా ఎదురెదురుగా రావు. ఇట్లాంటి కడ్డీలున్న చాలా ట్యాంకుల్లో ఇంతే.

ముందు 5 మిల్లీమీటర్ల మామూలు మైల్డ్ స్టీలు కడ్డీలు వేశాను. బ్యాటరీలు పెట్టగానే ట్యాంకు ముసలి గేదెలా కుంగి కూర్చుంది. బ్యాటరీలు తీసినా లేవలేదు. స్ప్రింగు ఉక్కు కడ్డీలు అంతే మందంవి తెచ్చి వేశాక నిలబడింది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. స్ప్రింగు ఉక్కు గట్టిది, అందుకని తక్కువ మెలి తిరుగుతుందనుకుంటారు. కాదు. ఒకే మందం, ఒకే పొడవు ఉంటే ఒకే బరువుకి రెండూ దాదాపు ఒకేలా తిరుగుతాయి. తేడా వెనక్కి రావడంలో ఉంది. మైల్డ్ స్టీలు కొంతదూరం తిరిగాక అక్కడే ఉండిపోతుంది, స్ప్రింగు ఉక్కు చాలా దూరం పోయి కూడా తిరిగొస్తుంది.

నడక వీల్‌చెయిర్ మోటార్లతో. రెండు మోటార్లు, ఒక్కో చెయిన్‌కి ఒకటి, 24 వోల్టులు. స్టీరింగ్ లేదు. రెండూ సమానంగా తిరిగితే తిన్నగా పోతుంది, ఒకటి ఆగితే అటు మళ్లుతుంది, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. తిన్నగా పోయేటప్పుడు ఒక్కో మోటారు 9 ఆంపియర్లు లాగింది. సిమెంటు నేల మీద ఉన్నచోటే తిప్పబోతే మీటరు 50 దాటింది, ఫ్యూజు పోయింది. ఎందుకంటే చెయిన్ ముందుకైతే దొర్లుతుంది గానీ పక్కకి దొర్లలేదు, ఈడ్చుకుపోవాల్సిందే. నిండు బియ్యం బస్తాని తిన్నగా లాగడం వేరు, నేల మీద పెట్టి తిప్పడం వేరు. చెయిన్ నేలకి ఆనే పొడవు ఎంత ఎక్కువైతే తిప్పడం అంత కష్టం. టి-55లో ఆ పొడవు, రెండు చెయిన్ల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్ల కంటే కాస్త తక్కువ. ఇప్పుడు తిప్పేటప్పుడు ఒక పక్క పూర్తిగా ఆపకుండా నెమ్మది చేసి పెద్ద మలుపు తిప్పుతున్నాను.

బరువుకి సంబంధించి ఇంకో తమాషా. పెద్ద ట్యాంకు చెయిన్ కింద నేల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 0.8 కిలోలు. మీ నాన్న కారు టైర్లలో గాలి దానికి రెండింతల పైనే ఒత్తుతుంది. అందుకే కారు దిగబడే బురదలో ట్యాంకు పోతుంది. మనదానికి వచ్చేసరికి ఆ ఒత్తిడి 0.1 కిలో. కానూరు దగ్గర ఖాళీ స్థలంలో నడిపితే దాని అచ్చు కంటే పక్కన నా చెప్పు అచ్చే లోతుగా పడింది.

ఆ ఖాళీ స్థలంలోనే నా పరువు పోయింది. రిమోట్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది. ఇనప పెట్టెలో పెడితే సెల్‌ఫోనుకి సిగ్నల్ పోతుందే, ట్యాంకులో ఆ తరంగాలు అందుకునే రిసీవర్‌కీ అంతే. యాంటెన్నా తీగ బయటికి రావాలి. అది తెలిసే బయటికి తీశాను. తెలియనట్టు చేసింది ఇంకోటి. సిగ్నల్ తెగితే మోటార్లు ఆగాలని రిసీవర్‌కి ముందే చెప్పిపెట్టాలి. చెప్పలేదు. ట్యాంకు ముందుకి పోతుండగా రిమోట్ బ్యాటరీ అయిపోయింది. చివరిసారి విన్న మాట "పద" కాబట్టి అది పోతూనే ఉంది. మనిషి నడిచేంత వేగమే, కానీ ఆగదు. ముందు ఇసుక గుట్ట. ఎక్కింది. దిగింది. వెనకాల నేను, నా వెనకాల మన సందు పిల్లలంతా. స్విచ్ ఎక్కడుంది? టరెట్ (ఫిరంగి ఉండే పై గుండు) కింద, లోపల, నాలుగు బోల్టులు విప్పితే గానీ అందదు. అటుపక్క ఇటుకల దొంతర తగిలి చెయిన్ ఊడబట్టి సరిపోయింది. 180 పిన్నులు కూర్చినవాణ్ణి చెయిన్ ఊడితే సంతోషించడం అదొక్కసారే.

ఆ రాత్రే సిగ్నల్ పోతే ఆగేట్టు సరిచేశాను. మర్నాడు పొద్దున్నే వెనకాల ఎర్ర బొడిపె స్విచ్ బిగించాను, అరచేత్తో కొడితే కరెంటు మొత్తం పోతుంది. రిమోట్ ముందు వెయ్యాలి, చివర్న ఆపాలి. మీరొచ్చి నడిపేటప్పుడు ఈ వరస తప్పితే రిమోట్ లాక్కుంటాను, ముందే చెబుతున్నా. ఫిరంగి పేలుతుందా అని కూడా అడగొద్దు. అది 17 మిల్లీమీటర్ల ఇనప గొట్టం, అట్లాగే ఉంటుంది.

టరెట్ ఇంకా తిరగడం లేదు. దానికి కారు వైపర్ మోటారు పెడదామనుకుంటున్నాను. అందులో పురి పళ్ల గేరుంటుంది, మోటారు టరెట్‌ని తిప్పగలదు గానీ టరెట్‌ని చేత్తో నెట్టి మోటారుని తిప్పలేం. ఏటవాలులో కూడా ఫిరంగి బరువుకి అదంతటదే పక్కకి వాలదు. ఆటోనగర్లో పాతవి దొరుకుతాయి, మీ నాన్న కారు జోలికి పోవద్దు. బుజ్జీ, టరెట్ చుట్టుకొలత 112 సెంటీమీటర్లు. దాని కింద వలయంలో బేరింగు గోళీలు 12 మిల్లీమీటర్లవి ఒకదాన్నొకటి ఆనుకోకుండా, మధ్యలో తలా 2 మిల్లీమీటర్ల ఖాళీతో పెట్టాలి. ఎన్ని కొనాలో లెక్కేసి ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు, సోమవారం షాపుకి వెళ్తాను.

ఇట్లు,
మీ తాతయ్య