చెరువు జీవిలో దొరికిన జీన్ స్విచ్: డేవిడ్ ఆలిస్ పని వెనకున్న కథ

వైజాగ్‌లో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే బయోటెక్ పిల్లలు "ఎసిటైలేషన్ అంటే జీన్ ఆన్, డీఎసిటైలేషన్ అంటే ఆఫ్" (ఎసిటైల్ అనే చిన్న రసాయన గ్రూపుని తగిలించడం, తీసేయడం అన్నమాట) అని రెండు ముక్కలు బట్టీ కొట్టేసి పరీక్షకెళ్ళిపోతారు, ఆ రెండు ముక్కలు తేలడానికి 30 ఏళ్ళు పైనే పట్టిందని వాళ్ళకెవరూ చెప్పలేదు, నాకదే బాధ.

మన ఒక్కో కణంలో డీఎన్ఏ సాగదీస్తే దాదాపు 2 మీటర్లుంటుంది, అదంతా హిస్టోన్లనే ప్రోటీన్లకి చుట్టుకుని కేంద్రకంలో ఇమిడిపోద్ది. ఫిషింగ్ హార్బర్లో చుట్టిపెట్టిన వలలు చూసే ఉంటారు, విప్పితేగానీ వల పనికిరాదు కదా, జీన్ కూడా అంతే. 1964లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ పరిశోధనా సంస్థలో విన్సెంట్ ఆల్ఫ్రే అనే శాస్త్రవేత్త ఒక మాటన్నాడు: హిస్టోన్‌కి ఎసిటైల్ గ్రూపు తగిలితే దాని పాజిటివ్ చార్జ్ తగ్గి డీఎన్ఏ మీద పట్టు సడలుతుందేమో, జీన్ పనిచేయడం మొదలెడుతుందేమో అని. ఐడియా బావుంది గానీ ఆ గ్రూపుని తగిలించే ఎంజైమ్ ఏంటో తెలీదు, దాంతో చాలామంది హిస్టోన్లంటే ఉత్త ప్యాకింగ్ సామానే అనుకుని ఊరుకున్నారు.

1951లో సిన్సినాటిలో పుట్టిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ ఆలిస్ మాత్రం టెట్రాహైమీనా అనే మంచినీటి ఏకకణ జీవిని పట్టుకున్నాడు. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. దానికి ఒకే కణంలో రెండు కేంద్రకాలు, పెద్దదాంట్లో జీన్లు పనిచేస్తుంటాయి, చిన్నది వచ్చే తరం కోసం డీఎన్ఏ దాచుకుని మామూలుగా మౌనంగా ఉంటుంది, ఎసిటైల్ గ్రూపులు చూస్తే పెద్దదాంట్లోనే దండిగా ఉన్నాయి! ఆనూ ఆఫూ పక్కపక్కనే పెట్టి చూసుకోవచ్చన్నమాట. అందుకని ఆ పెద్ద కేంద్రకంలోంచే ఎంజైమ్ వెతికారు, జెల్‌లోనే హిస్టోన్లు కలిపి, అందులో ప్రోటీన్లని విడగొట్టి, రేడియోధార్మిక ఎసిటైల్ అందిస్తే ఎంజైమ్ ఉన్నచోట మచ్చ పడింది. తీరా దాని సీక్వెన్స్ చూస్తే ఈస్ట్‌లో జీసీఎన్5 అనే ప్రోటీన్‌తో సరిపోలింది, అది జీన్లని ఆన్ చేయడంలో సాయపడుతుందని ఈస్ట్ మీద పనిచేసేవాళ్ళకి ముందే తెలుసు. అది 1996. అదే ఏడాది హార్వర్డ్‌లో స్టువర్ట్ ష్రైబర్ అనే శాస్త్రవేత్త టీమ్ ఆ గ్రూపుని తీసేసే ఎంజైమ్‌ని కూడా పట్టుకుంది.

తర్వాత చకచకా జరిగాయి. 2006లో అమెరికాలో చర్మపు లింఫోమా అనే ఒకరకం క్యాన్సర్‌కి వోరినోస్టాట్ అనే మందు ఆమోదం పొందింది, అది అడ్డుకునేది ఆ తీసేసే ఎంజైమ్‌లనే. 2018లో ఆలిస్‌కీ, ఈస్ట్ మీద పనిచేసిన మైకేల్ గ్రన్‌స్టీన్‌కీ కలిపి వైద్య పరిశోధనకిచ్చే పెద్ద బహుమతి లాస్కర్ అవార్డు ఇచ్చారు. 2023 జనవరిలో ఆలిస్ పోయాడు. అంతకు పదేళ్ళ ముందు, 2013లో, చిన్నపిల్లల మెదడు కాండంలో వచ్చే ఒక ట్యూమర్ మీద ఆయన ల్యాబ్ పేపరొచ్చింది: హిస్టోన్‌లో లైసీన్ అనే అమైనో ఆమ్లం ఒకే ఒక్కటి మారి మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం అయితే చాలు, జీన్లని మూసి ఉంచే మరో ఎంజైమ్ పనే ఆగిపోతోందని.