ఈఎస్‌ఐ సిక్‌లో ఉండి వేరే ఉద్యోగం చూసుకోవచ్చా? మానసిక అనారోగ్యం: అపోహలు - వాస్తవాలు

ఈ వివరాలు ఈఎస్‌ఐ కార్డు ఉన్న ఉద్యోగుల కోసం. అంటే నెల జీతం రూ.21,000 దాటనివాళ్లు, వికలాంగులైతే రూ.25,000 దాకా. డిప్రెషన్‌కో, బైపోలార్‌కో, స్కిజోఫ్రీనియాకో మందులు వాడుతూ సిక్ (ఈఎస్‌ఐ నుంచి డబ్బు వచ్చే అనారోగ్య సెలవు) పెట్టుకున్నవాళ్లలో చాలామందికి పాత చోటికి తిరిగి వెళ్లే ధైర్యం ఉండదు. వేరే పని చూసుకోవచ్చా అని అడగడానికీ భయమే, ఉన్న డబ్బులు కూడా ఆగిపోతాయేమోనని.

అపోహ: సిక్ డబ్బులు తీసుకుంటూ దరఖాస్తు పెడితే మోసం కేసు అవుతుంది.

నిబంధన ఆపేది పని చేయడాన్ని, వెతకడాన్ని కాదు. మీరు పని చేసిన రోజుకు, జీతంతో కూడిన సెలవు తీసుకున్న రోజుకు సిక్‌నెస్ బెనిఫిట్ రాదు. బయోడేటా తయారు చేసుకోవడం, ఫోన్‌లో మాట్లాడటం, ఇంటర్వ్యూకి వెళ్లడం పని కిందికి రావు. బైక్ ట్యాక్సీ మీద రెండు ట్రిప్పులు వేస్తే మాత్రం పనే. బంధువుల కొట్లో కూలికి కూర్చున్నా, కొత్త కంపెనీ 'రెండ్రోజులు ట్రయల్ చూద్దాం' అంటే వెళ్లినా అంతే. అలా చేసిన రోజులకు కూడా క్లెయిమ్ పెడితే డబ్బు వెనక్కి కట్టాలి, శిక్షా పడొచ్చు.

కొందరు తెలియకుండానే ఇరుక్కుంటారు. హెచ్‌ఆర్ వాళ్లు సాయం చేస్తున్నామనుకుని అవే తేదీలకు ఈఎల్ (జీతంతో కూడిన సెలవు) వేసి జీతం ఇచ్చేస్తారు. ఆ జీతం మీద ఈఎస్‌ఐ చందా కట్టగానే లెక్క ఈఎస్‌ఐ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఏ తేదీలకు సెలవు, ఏ తేదీలకు సిక్ అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. సిక్‌లో ఉన్నంతకాలం, చికిత్స జరుగుతున్న ప్రాంతం విడిచి వెళ్లాలంటే ఈఎస్‌ఐ డిస్పెన్సరీ డాక్టర్ అనుమతి కావాలి. వరంగల్ నుంచి బెంగళూరుకు ఇంటర్వ్యూకి వెళ్తుంటే ముందుగా అడిగి వెళ్లండి. ఎప్పుడు చేరగలరని అక్కడ అడిగితే, 'డాక్టర్ ఫిట్ రాశాక' అనే చెప్పండి. ఇంటర్వ్యూలో 'రేపే చేరతా' అని, మర్నాడు డిస్పెన్సరీలో 'నావల్ల కావట్లేదు' అంటే ఆ రెండు మాటలూ పొసగవు.

అపోహ: ముందు రాజీనామా ఇచ్చేసి, ప్రశాంతంగా వెతుక్కోవడం మేలు.

తొందరపడి చేసే తప్పుల్లో ఇదే పెద్దది. సిక్‌నెస్ బెనిఫిట్ అందుకుంటున్న కాలంలో యజమాని మిమ్మల్ని తీసేయడానికి వీల్లేదు, ఆ రోజుల్లో ఇచ్చిన తొలగింపు నోటీసు చెల్లదు. రాజీనామా మీ చేతులతో మీరు రాసిచ్చేది కాబట్టి ఆ రక్షణ అక్కడితో పోతుంది.

చేతిలో ఎన్ని రోజులున్నాయో ముందు లెక్క వేసుకోండి. మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ ఏడాదికి 91 రోజులు, సగటు రోజు వేతనంలో 70 శాతం. రోజుకు రూ.600 వచ్చేవాళ్లకు రూ.420 అన్నమాట. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. అయితే పాత సిక్ ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పెడితే ఆ కోత ఉండదు.

91 రోజుల తర్వాత దారి జబ్బును బట్టి మారుతుంది. పొడిగించిన బెనిఫిట్‌కు 34 దీర్ఘకాలిక వ్యాధుల జాబితా ఉంది. మానసిక వ్యాధుల్లో సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగే తీవ్ర జబ్బులు) కోవకు చెందినవే అందులో ఉన్నాయి: స్కిజోఫ్రీనియా, బైపోలార్, తీవ్రమైన ఎండోజెనస్ (బయటి కారణం లేకుండా లోపలి నుంచే వచ్చే) డిప్రెషన్, డిమెన్షియా. వీటికి 80 శాతం, అంటే అదే ఉదాహరణలో రూ.480. మొదట 124 రోజులు, అవసరాన్ని బట్టి 309 దాకా, ప్రత్యేక సందర్భాల్లో రెండేళ్ల దాకా పొడిగిస్తారు. దీనికి రెండేళ్లు ఆగకుండా ఈఎస్‌ఐ ఉద్యోగంలో ఉండి, అంతకుముందరి నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆర్నెల్లు) 156 రోజుల చందా కట్టి ఉండాలి. చీటీ మీద 'యాంగ్జైటీ' అనో ఉత్త 'డిప్రెషన్' అనో ఉంటే 91 రోజులతోనే ఆగే అవకాశం ఎక్కువ. అలాంటివాళ్లు 60వ రోజుకల్లా తర్వాతి సంగతి మొదలుపెట్టాలి.

అపోహ: సైకియాట్రిస్టు చీటీ ఉంటే చాలు.

ప్రైవేటు చీటీ ఒక్కటే సరిపోదు, దాన్ని డిస్పెన్సరీలో చూపించి అక్కడి సర్టిఫికెట్ తీసుకోవాలి. సర్టిఫికెట్ ఇచ్చే డిస్పెన్సరీ రాష్ట్ర ప్రభుత్వానిది, డబ్బు వేసే బ్రాంచి ఆఫీసు ఈఎస్‌ఐ కార్పొరేషన్‌ది. ఒకచోట ఇచ్చిన కాగితం రెండోచోటికి దానంతటది చేరిందనుకోవద్దు. మధ్యలో ఒక్క వారం సర్టిఫికెట్ తప్పినా ఆ వారం డబ్బు చిక్కుల్లో పడుతుంది.

అపోహ: పూర్తిగా నయమయ్యాకే పని గురించి ఆలోచించాలి.

పేరున్న డాక్టర్లు కూడా ఈ మాట అంటుంటారు. ఇప్పుడున్న ఆధారాలు అందుకు ఎదురు. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి తర్వాత పనిలో పెట్టడం కంటే, నేరుగా మామూలు ఉద్యోగంలో చేర్చి వెనుక తోడుగా ఉండటమే మెరుగని అమెరికాలో 1990ల నుంచి జరిగిన పరీక్షలు చూపించాయి. కాకపోతే ఏ పని అన్నది మందును బట్టి చూసుకోవాలి.

లిథియం (బైపోలార్‌కు ఇచ్చే మందు) వాడేవాళ్లు ఎండలో, కొలిమి దగ్గర చెమటోడ్చే పని ఒప్పుకునే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం స్థాయి ప్రమాదకరంగా పెరుగుతుంది. నడుం నొప్పికి ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగినా అదే జరగొచ్చు. బైపోలార్ ఉన్నవాళ్లకు నైట్ షిఫ్టు, అందులోనూ వారం వారం మారే షిఫ్టు, నేరుగా మేనియాలోకి (అతి ఉద్రేక స్థితిలోకి) తోసేయగలదు. రూ.2,000 ఎక్కువిచ్చినా అది గిట్టుబాటు కాదు. ఓలాంజపిన్, క్వెటియాపిన్ రాత్రి వేసుకుంటే పొద్దున్నే మత్తు వదలదు, కాబట్టి ఆరింటి షిఫ్టు, యంత్రం, డ్రైవింగ్ వద్దు. మందు వేళ మార్చడానికి వీలుందేమో డాక్టర్‌నే అడగండి, ఉద్యోగం కోసం సొంతంగా మానేయకండి. క్లోజపిన్ మొదలైన 18 వారాలు వారానికోసారి రక్తపరీక్ష ఉంటుంది. చేరేముందే ఆ పూటల సంగతి తేల్చుకోవాలి.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో జబ్బు బయటపడుతుంది.

అందులో చూసేది చదువు, పాత ఉద్యోగాలు, చిరునామా, కేసులు. మీ వైద్య వివరాలు మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది. మధ్యలో పని చేయని కాలం గురించి అడిగితే 'ఆరోగ్య కారణాల వల్ల విరామం, ఇప్పుడు ఫిట్' అంటే సరిపోతుంది. వైద్య డిక్లరేషన్ మీద సంతకం పెట్టాల్సి వస్తే మాత్రం అబద్ధం రాయొద్దు, తర్వాత తీసేయడానికి అదే సాకవుతుంది.

అపోహ: సదరం (వైకల్య) సర్టిఫికెట్ లేకపోతే సిక్ రాదు.

రెండింటికీ సంబంధం లేదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్ లాంటివాటికి అది పనికొస్తుంది.

అపోహ: ఆఫర్ వచ్చిందిగా, ఇక కాగితాలతో పనిలేదు.

ముందు ఫైనల్ సర్టిఫికెట్ తీసుకుని, అందులో ఫిట్ అని రాసిన తేదీ నుంచే చేరండి. ఒక్కరోజు ముందు చేరినా ఆ రోజు రెండు లెక్కల్లోనూ పడుతుంది. కొత్త కంపెనీకి పాత ఐపీ నంబరే (ఈఎస్‌ఐ కార్డు మీది బీమా నంబరు) ఇవ్వండి. కొత్త నంబరు పుట్టిస్తే పాత చందాలు దానికి కలవవు.

జబ్బు తిరగబెడితే ఏమిటన్నదీ ఇప్పుడే చూసుకోవాలి. ఏప్రిల్-సెప్టెంబరు చందాలకు జనవరి-జూన్‌లో, అక్టోబరు-మార్చి చందాలకు జులై-డిసెంబరులో బెనిఫిట్ వస్తుంది. ఒక్కో చందా కాలంలో 78 రోజులైనా ఉండాలి. సిక్‌లో గడిపిన రోజులు ఈ 78లోకి రావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సిక్‌లో ఉన్నవాళ్లకు ఆ ఆర్నెల్లలో చేతికొచ్చేవి మహా అయితే 61 రోజులు. అంటే నవంబరులో కొత్త ఉద్యోగంలో చేరి ఫిబ్రవరిలో పడిపోతే మామూలు సిక్ డబ్బు రాదు. జూన్ దాకా ఆ రక్షణ లేదని గుర్తుంచుకుని షిఫ్టు ఎంచుకోండి.