వేలిముద్ర పడితే ఒప్పుకున్నట్టేనా? ఉద్దానం పరిశోధనలపై అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి మూలం వెతికే బృందాలతో ఊళ్లు తిరుగుతాను. రక్తం, మూత్రం తీసుకునే ముందు అంగీకార పత్రం చదివి వినిపించడం నా పని. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఈ మాటలే ఎదురవుతాయి. కొన్ని జనం అనేవి, కొన్ని మావాళ్లే అనేవి.

అపోహ: వేలిముద్ర పడింది, ఇక అంగీకారం వచ్చినట్టే.

వాస్తవం: చదువు రానివారి దగ్గర బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి వరకు ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెప్పేది ఇదే. అయితే సాక్షి ఉన్నా సరిపోని రోజులుంటాయి. జీడిపిక్కలు కొడుతున్న ఒక అమ్మ, నేను చదవకముందే వేలు చాపింది. "మా మంచికే వచ్చారు కదా బాబూ, ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తాను" అంది. ఆ నమ్మకం చూసి నాకు భయమేసింది. పత్రం పక్కన పెట్టి, "ఈ పరీక్షతో మీ జబ్బు తగ్గదమ్మా, కారణం వెతకడానికే" అన్నాను. ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "అయితే మా అబ్బాయిని అడిగి చెబుతాను." ఆ రోజు ఆ ఇంటి నమూనా రాలేదు. నేను సరిగా పని చేసిన రోజుల్లో అదొకటి.

అపోహ: ఊరి పెద్ద సరే అంటే చాలు.

వాస్తవం: ఆయన మాట ఊళ్లో అడుగుపెట్టడానికే. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో బాలికల తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం దాన్ని ఆపించింది.

అపోహ: కాదంటే డయాలసిస్ ఆపేస్తారు.

వాస్తవం: ఆపకూడదు. మధ్యలో తప్పుకున్నా చికిత్స తగ్గించకూడదు.

అపోహ: పేరు తీసేస్తే ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. మనిషి పేరు దాచి ఊరి పేరు అచ్చువేస్తాం. ఆ ఊరి పిల్లకు, పిల్లాడికి పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. రక్తం ఇచ్చినవారే కాదు, ఇవ్వనివారు కూడా ఆ మూల్యం చెల్లిస్తారు. అలాగని ఊళ్ల పేర్లన్నీ దాచేస్తే మంచినీటి పథకం ఎక్కడికి రావాలో, డయాలసిస్ కేంద్రం ఎక్కడ పెట్టాలో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? రెండూ న్యాయమైన మాటలే. తేల్చే హక్కు మాత్రం ఒక్క పరిశోధకుడిది కాదని నా నమ్మకం.

మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఎక్కువున్న ఒక కుర్రాడు ఫలితం విని, ముందు తన గురించి అడగలేదు. "మా ఊరి పేరు రాస్తారా సార్?" అన్నాడు. మా పత్రంలో ఆ ప్రశ్నకు గడి లేదు. వైద్యులతో పాటు న్యాయం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా కూర్చుని పరిశోధనలో మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి, ఆ గడి చేర్చమని ఆ వారమే రాశాను.