కాగితం చెప్పే సాక్ష్యం: అసలు సినిమా పోస్టర్ల సేకరణలో అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా సినిమా పోస్టర్లు సేకరిస్తున్నాను. కొత్తగా ఈ దారి పట్టినవారు ఫోటోలు పంపి "ఇది అసలుదేనా?" అని అడుగుతుంటారు. ఫోటోలో బొమ్మ కనిపిస్తుంది, కాగితం కనిపించదు. నాకు కావలసింది కాగితం. ఎన్ని వేల నకళ్లలోనైనా బొమ్మ ఒకేలా ఉంటుంది. ఆ సినిమా విడుదలైన రోజుల్లో అచ్చయి, సినిమా హాలుకు చేరి, అక్కడి దుమ్మూ వెలుతురూ చూసిన కాగితం మాత్రం మళ్లీ పుట్టదు.

పోస్టరు కొద్ది రోజులు గోడ మీద నిలిచి, మరో పోస్టరు కింద మరుగున పడిపోయే వస్తువు. ఎవరో దాచుకుంటారని దాన్ని అచ్చు వేయలేదు. ఈ సంగతి మనసులో ఉంచుకుని కింది అపోహలు చదవండి.

అపోహ: పాతదైతే చాలు, విలువైనదే.

వాస్తవం: వయసొక్కటే విలువ తేదు. ఎన్ని ప్రతులు మిగిలాయి, ఆ సినిమాను ఇప్పటికీ ఎందరు తలుచుకుంటున్నారు, బొమ్మ గీసినవారి చేయి ఎటువంటిది, కాగితం ఏ స్థితిలో ఉంది అనేవన్నీ కలిస్తేనే విలువ. ఎనభై ఏళ్లు దాటినా ఎవరూ అడగని పోస్టర్లు నా దగ్గరే చాలా ఉన్నాయి. వాటిని నేను ప్రేమతోనే దాచాను. విలువ వేరు, మమకారం వేరు.

1927 నాటి జర్మన్ చిత్రం 'మెట్రోపోలిస్'కు హైంజ్ షుల్జ్ నోయ్‌డామ్ గీసిన పోస్టరు 2005లో 6,90,000 డాలర్లకు అమ్ముడైంది. అచ్చయిన ప్రతుల్లో లోకానికి తెలిసి మిగిలినవి నాలుగే. మిగతావి ఏమయ్యాయంటే, పోస్టర్లన్నిటికీ ఏం జరిగిందో అదే జరిగింది. గోడల మీద చిరిగిపోయాయి, చెత్తలో కలిశాయి. అమెరికాలోనైతే రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితం సేకరణ ఉద్యమంగా సాగినప్పుడు ఎన్నో పోస్టర్లు గుజ్జుగా మారిపోయాయి.

ఒక్కోసారి పాతదాని మీదే కొత్తది అంటించే అలవాటే వాటిని కాపాడింది కూడా. 2012లో వేలానికి వచ్చిన ఒక ముద్ద సంగతి నన్ను ఎన్నడూ వదలదు. పెన్సిల్వేనియాలో ఒక అటక మీద దొరికిన ఆ ముద్దలో, ఒకదానిపై ఒకటి జిగురుతో అంటుకుపోయిన 1930ల నాటి పోస్టర్లు 33 ఉన్నాయి. నిపుణులు ఆవిరి పట్టి, ఓపికగా ఒక్కొక్కటే విడదీశారు. పైన పడిన పోస్టరు కింది పోస్టరుకు దుప్పటి అయింది.

అపోహ: మడత గీతలున్న పోస్టరు పాడైపోయినట్టే.

వాస్తవం: కొత్తవారు చేసే తప్పుల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మడతలున్నాయని మంచి పోస్టరును వదిలేసి, నిగనిగలాడే నకలును కొనుక్కుంటారు.

అమెరికాలో 1980ల మధ్య వరకు పోస్టర్లను మడిచే పంపేవారు. అప్పటి ప్రామాణిక పోస్టరు కొలత దాదాపు 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల ఎత్తు. దాన్ని అడ్డంగా మూడుసార్లు, నిలువుగా ఒకసారి మడిస్తే సుమారు 13.5 అంగుళాలకు 10.25 అంగుళాల కట్ట అవుతుంది, కవరులో పెట్టి టపాలో పంపడానికి వీలుగా ఉంటుంది. అంటే ఆ మడతలు అచ్చుశాల నుంచి సినిమా హాలు దాకా సాగిన ప్రయాణానికి గుర్తులు. చుట్టి పంపిన పాత పోస్టర్లూ ఉన్నాయి గాని తక్కువ. 1950ల నాటిదని చెబుతూ ఒక్క మడత కూడా లేని పోస్టరు చూపిస్తే నా అనుమానం తగ్గదు, పెరుగుతుంది.

మడతల నుంచే నేర్చుకోవలసిన పరీక్ష ఒకటుంది. నకలు చేసేవారు చాలాసార్లు మడతలున్న అసలు పోస్టరునే స్కాన్ చేస్తారు. దాంతో మడత గీతలు, పిన్నుల రంధ్రాలు, మూలల చిరుగులు అన్నీ బొమ్మలో భాగంగా అచ్చయిపోతాయి. కంటికి మడత కనిపిస్తుంది, వేలితో తడిమితే నున్నగా ఉంటుంది. రంధ్రం కనిపిస్తుంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కాంతి దూరదు. మొదట్లో నేనూ అలాంటిదొకటి మంచి డబ్బు పోసి కొన్నాను. అమ్మినవారు నిజమని నమ్మే అమ్మారేమో, నాకు తెలియదు. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచి, మూలనున్న చిరుగు మీద వేలు పెట్టాను. అక్కడ చిరుగు లేదు. ఆ రోజు నుంచి ముందు వేలు చెప్పింది విని, ఆ తర్వాతే కన్ను చెప్పింది వింటున్నాను.

భూతద్దం కూడా దగ్గర ఉంచుకోండి. రాతి అచ్చుతో, అంటే పాత లితోగ్రఫీతో వేసిన పోస్టరులో రంగు గరుకుగా, క్రేయాన్‌తో రుద్దినట్టు ఉంటుంది, వరుసలు తీరిన చుక్కలు ఉండవు. తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ యంత్రాల మీద అచ్చయిన పోస్టర్లలో ఫోటో భాగం చుక్కలమయమే అయినా, విడిగా కూర్చిన అక్షరాలు సాధారణంగా గట్టి సిరాతో, పదునైన అంచులతో ఉంటాయి. అడుగున ఉండే చిన్న చిన్న పేర్లు కూడా చుక్కలుగా విడిపోయి, అంచులు మసకబారి ఉంటే ఎక్కడో స్కాన్ జరిగిందని అర్థం.

అతినీలలోహిత దీపం మరో సాధనం. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలను దాని తయారీలో విరివిగా వాడడం 1950 ప్రాంతం నుంచే. 1930ల నాటిదని చెప్పిన కాగితం ఆ దీపం కింద నీలి తెలుపుగా వెలిగిపోతే దాన్ని అక్కడే వదిలేయండి. వెలగకపోయినంత మాత్రాన అసలుదని నిర్ధారించుకోవద్దు. పాత కాగితం సంపాదించి దానిమీద అచ్చు వేసేవాడిని ఈ దీపం పట్టుకోలేదు.

అపోహ: అడుగున అధికారిక సంఖ్య ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

వాస్తవం: అమెరికాలో 1940 నుంచి 1980ల మధ్య దాకా చాలా చిత్రాల పోస్టర్లను సినిమా హాళ్లకు చేర్చింది నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ. అది తన పోస్టర్ల అడుగున ఒక సంఖ్య వేసేది. గీతకు ముందున్న రెండంకెలు సంవత్సరానివి, తర్వాతివి ఆ ఏడాది చిత్రాల వరుసలో దాని స్థానానివి. సంవత్సరానికి ముందు ఆర్ అనే ఆంగ్లాక్షరం ఉంటే అది పునర్విడుదల పోస్టరు. ఎంతో ఉపయోగపడే ఆనవాలే, కాదనను. కాని స్కాన్ చేస్తే సంఖ్య కూడా వచ్చేస్తుంది. పైగా ఆ సంస్థ చేతుల మీదుగా రాని అసలు పోస్టర్లూ ఉన్నాయి, వాటి మీద సంఖ్య ఉండదు.

కొలత సంగతీ అంతే. 1980ల మధ్య తర్వాత ప్రామాణిక ఎత్తు 41 నుంచి 40 అంగుళాలకు తగ్గింది. ఇళ్లలో అలంకరణకు అమ్మే పోస్టర్లు సాధారణంగా 24కు 36 అంగుళాలు. అందుకే టేపు పెట్టి కొలవడంతోనే చాలా అనుమానాలు తీరిపోతాయి. కొలత సరిపోకపోతే అంచులు కత్తిరించారా అని చూడండి. సరిపోతే పరీక్ష మొదలైంది, పూర్తి కాలేదు.

అపోహ: పునర్విడుదల పోస్టరు, వేరే దేశం పోస్టరు అసలువి కావు.

వాస్తవం: సినిమా హాళ్లలో ప్రదర్శనకు, ఆ విడుదల కోసమే అచ్చయిన పోస్టరు ఏదైనా అసలుదే. మొదటి విడుదల పోస్టరుకు గిరాకీ ఎక్కువ, నిజమే. పునర్విడుదల పోస్టరును ఆ పేరుతోనే అమ్మితే అందులో మోసమేమీ లేదు. మొదటి విడుదలదని చెప్పి అమ్మితేనే తప్పు.

వేరే దేశాల పోస్టర్ల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒకే సినిమాకు ఒక్కో దేశంలో ఒక్కో చిత్రకారుడు ఒక్కో బొమ్మ గీశాడు. బ్రిటన్ పోస్టరు అడ్డంగా ఉంటుంది, 40 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. ఫ్రాన్స్ పెద్ద పోస్టరు 120కి 160 సెంటీమీటర్లు, గోడంతా ఆక్రమిస్తుంది. జపాన్‌లో వాడుకలో ఉన్నది 51.5కు 72.8 సెంటీమీటర్లది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌లో సినిమా పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేది. తార ముఖం చూపించి టికెట్లు అమ్మాలన్న ఒత్తిడి లేకపోవడంతో హెన్రిక్ టొమషెవ్‌స్కి, యాన్ లెనీత్సా వంటి కళాకారులు సినిమా సారాన్ని ఒక్క రూపంలోకి, కొన్నిసార్లు ఒక్క గీతలోకి కుదించారు. క్యూబాలో 1959లో ఏర్పడిన చలనచిత్ర సంస్థ సిల్క్ స్క్రీన్ పద్ధతిలో, అంటే సన్నని వల తెర గుండా రంగును కాగితం మీదకు నొక్కి, పోస్టర్లు వేయించింది. ఆ రంగు కాగితం మీద పొరగా నిలుస్తుంది, పక్క నుంచి వెలుతురు పడేలా చూస్తే ఒక్కో రంగు మందం తెలుస్తుంది. చిత్రం పుట్టిన దేశపు పోస్టరు ఒక్కటే చాలనుకునేవారు ఈ సంపదంతా పోగొట్టుకుంటున్నారు.

అపోహ: రెండు వైపులా అచ్చు ఉంటే ఖచ్చితంగా అసలుదే.

వాస్తవం: వెనక నుంచి దీపం వెలిగే పెట్టెల్లో రంగులు వెలవెలబోకుండా ఉండాలని 1980ల చివరి నుంచి పోస్టరు వెనక వైపు అదే బొమ్మను తిరగేసి, లేతగా అచ్చు వేయడం మొదలైంది. ఆ కాలం తర్వాతి పోస్టర్లకు ఇది మంచి సూచన. అయితే రెండు వైపులా వేసిన నకళ్లూ వచ్చేశాయి. అంతకు ముందు కాలానిదని చెప్పే పోస్టరుకు వెనక బొమ్మ ఉంటే అదే దాని గుట్టు బయటపెడుతుంది.

అపోహ: ధ్రువీకరణ పత్రం ఉంటే నిశ్చింతగా కొనవచ్చు.

వాస్తవం: పోస్టరుకే నకలు తీయగలిగినవాడికి పత్రం ఒక లెక్కా? అమ్మేవారు తిరిగి తీసుకుంటామని రాసిస్తారా, అది ఎవరి చేతుల నుంచి వచ్చిందో చెప్పగలరా అన్నవే అడగండి. 2009లో అమెరికాలో 1930ల నాటి భయానక చిత్రాల పోస్టర్లకు నకిలీలు బయటపడినప్పుడు, దశాబ్దాల అనుభవమున్న సేకరణకర్తలు కూడా మోసపోయారు.

అపోహ: గుడ్డ అంటించిన పోస్టరు అంటే ఏదో లోపం కప్పిపుచ్చినదే.

వాస్తవం: సరిగా చేసిన పనిలో ముందు పోస్టరును కడిగి ఆమ్లం తగ్గిస్తారు. తర్వాత ఆమ్లం లేని పలుచని కాగితాన్ని మధ్యలో ఉంచి, గోధుమ గంజితో చేసిన జిగురుతో నూలు గుడ్డ మీద అంటిస్తారు. ఆ జిగురు నీటికి కరుగుతుంది కాబట్టి రేపు ఎవరైనా విప్పదీయవచ్చు. విప్పడానికి వీలుండాలన్నదే ఈ పని ప్రాణసూత్రం. పెళుసుబారిన పెద్ద పోస్టర్లకు ఇది ఆయువు పోస్తుంది.

అలాగని ప్రతి పోస్టరుకూ చేయించకండి. బాగున్న పోస్టరును ముట్టుకోకపోవడమే దానికి చేసే మేలు. కొనేటప్పుడు రంగు ఎక్కడెక్కడ పూశారో, కాగితం ఎక్కడ అతికారో పని మొదలుకాక ముందు తీసిన ఫోటోలతో సహా అడగండి. ముఖంలో సగం కొత్తగా గీసిన పోస్టర్లను నేను చూశాను. మరమ్మతు తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు.

చిరుగుకు మామూలు పారదర్శక టేపు మాత్రం ఎన్నడూ వేయకండి. దాని జిగురు కాగితపు పీచులోకి దిగి పసుపు మరకగా మిగులుతుంది. లామినేషన్ చేయించారంటే ఇక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

అపోహ: తెల్లని నూలు చేతితొడుగులు వేసుకునే పోస్టరు ముట్టుకోవాలి.

వాస్తవం: తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, నూలు పోగు చిరిగిన అంచుకు తగులుకుంటుంది. చేతులు కడిగి, బాగా ఆరబెట్టుకుని, రెండు చేతులతో ఎత్తండి.

అపోహ: అద్దం బిగించి ఫ్రేము కట్టిస్తే పోస్టరు భద్రం.

వాస్తవం: నాకు ఎంతో ఇష్టమైన పోస్టరు ఒకటి, కిటికీకి ఎదురుగా నాలుగేళ్లు గోడ మీద ఉంది. ఫ్రేము మార్చడానికి విప్పినప్పుడు, అట్ట కింద దాగిన సన్నని అంచు ఎర్రగా మండుతోంది. బయట ఉన్న భాగమంతా గులాబీ రంగుకు దిగిపోయింది. రోజూ చూస్తూనే ఉన్నాను, రంగు జారిపోతున్న సంగతి నా కంటికి తెలియలేదు.

కాంతి చేసే హాని కూడుతూ పోతుంది, పోయిన రంగు ఎన్నటికీ తిరిగి రాదు. అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అక్రిలిక్ పలక ఆ హానిని తగ్గిస్తుందే తప్ప ఆపదు, కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తింటుంది. ప్రదర్శనశాలల్లో కాగితపు వస్తువులకు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం), అంటే మసక వెలుతురును హద్దుగా పెట్టుకునేది అందుకే. ఎండ పడని గోడ ఎంచుకోండి. కొన్ని నెలలకొకసారి పోస్టరు మార్చి, దించినదానికి చీకట్లో విశ్రాంతినివ్వండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో ఖాళీ ఉండాలి, లేకపోతే తేమ చేరి సిరా అద్దానికి అంటుకుపోతుంది. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి.

ఫ్రేములో లేనివాటిని వెడల్పాటి సొరుగుల్లో చదునుగా పరచడం ఉత్తమం. తొడుగుకు పాలిస్టర్ ఫిల్మ్ మంచిది, పీవీసీ ప్లాస్టిక్ కాగితానికి హాని చేస్తుంది. గుడ్డ అంటించినవాటికి మరో శత్రువు ఉంది. పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగుకు గంజి జిగురంటే ప్రాణం. అప్పుడప్పుడు తీసి చూస్తూ ఉండండి.

అపోహ: పోస్టరు నాది కాబట్టి బొమ్మ కూడా నాదే.

వాస్తవం: కొన్నది కాగితాన్ని మాత్రమే. ఆ బొమ్మను అచ్చు వేసి అమ్మే హక్కు దానితో రాదు.

అపోహ: వెనక వైపున్న ముద్రలు, పెన్సిల్ రాతలు మరకలే, తుడిపించాలి.

వాస్తవం: దయచేసి తుడిపించకండి. పోస్టరు చేతికి రాగానే నేను ముందు వెనక్కి తిప్పి చూస్తాను. పంపిణీదారు రబ్బరు ముద్ర, హాలులో ఎవరో పెన్సిల్‌తో రాసుకున్న ప్రదర్శన తేదీ, మూలల్లో ఎండిపోయిన జిగురు, ముందు వైపు సిరా కొద్దిగా ఇంకి కనిపించే నీడ అన్నీ అక్కడే ఉంటాయి. ఏ నకలులోనూ ఇవన్నీ కలిసి, సహజంగా ఉండడం నేను చూడలేదు. గుడ్డ అంటించే పనికి ఇస్తుంటే, ఇచ్చే ముందు వెనక వైపంతా మంచి వెలుతురులో ఫోటో తీసి, ఆ ఫోటోను పోస్టరుతో పాటే భద్రపరచండి. గుడ్డ ఉన్నంతకాలం ఆ వైపు కనిపించదు. మీ తర్వాత దాన్ని అందుకునేవారు మొదట అడిగేది ఆ ఫోటోనే.